గట్టిగా మోగే ఫోను

రేణిగుంట,
మార్చి 10.

నాయనకు జెస్సీ వందనాలు.

నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు బాగున్నావని మాత్రం రాయొద్దు. నువ్వు చేసిన ఘనకార్యం నాకు తెలిసిపోయింది. మన పూతలపట్టు నుంచి ఈ మధ్యే మా హాస్టలుకు వచ్చిన అమ్మాయి చెప్పింది, గుణశేఖర్ గారి మామిడితోటకు నువ్వు కాపలా ఒప్పుకున్నావని. కొండ కిందుండే తోట. రెండేళ్ళుగా ఏనుగులు దిగుతున్న తోట. క్వారీలో ఇరవై రెండేళ్ళు డ్రిల్లు పట్టి రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషికి ఏనుగుల దారిలో కాపలా ఏమిటి నాయనా? వెనక కొమ్మ విరిగితే తెలుస్తుందా నీకు?

తిట్టి లాభం లేదు. నువ్వు చెబితే వినవు, ఆపైన వినబడదనే వంక ఒకటి ఉంది. కాబట్టి నేను చేయగలిగింది చేస్తాను. ఏనుగులు ఎటు కదిలితే అటు వైపు ఊళ్ళవాళ్ళకు ఫారెస్టు వాళ్ళు వాట్సాప్ గ్రూపులో మెసేజీ పెడుతున్నారట. నీ బటన్ ఫోనుకు అవి రావు. నీకు టచ్ ఫోను కావాలి.

ఫోన్ల కంపెనీలో పరీక్ష టేబుల్ దగ్గర కూర్చునే దాన్ని, నాకు ఎవరూ టోపీ పెట్టలేరు. పదివేల లోపు ఫోను అంటే ఏదో ఒకటి వదులుకోవాల్సిందే, ఏది వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవాలి, అంతే. రెండు చూసి పెట్టాను. ఒకటి సన్నగా ఉంటుంది, వైబ్రేషన్ మణికట్టు దాకా తెలుస్తుంది, కానీ బ్యాటరీ సాయంత్రానికే చేతులెత్తేస్తుంది. రెండోది ఇటుకంత బరువు. కెమెరా దండగ, ఎండలో స్క్రీను కనబడదు, వైబ్రేషన్ పరవాలేదు. కానీ బ్యాటరీ మూడు రోజులు వస్తుంది. స్పీకరు ఎంత గట్టిదంటే, షాపులో మోగిస్తే రోడ్డు మీద పోతున్న ఆటో డ్రైవరు తిరిగి చూశాడు. ఏది కావాలో రాయి.

నీ కూతురు,
జెస్సీ

*

కొండకింద తోట, పూతలపట్టు,
మార్చి 18.

జెస్సీకి నాయన దీవెనలు. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

నీ జాబు చేరింది. పోస్టుమ్యాన్ చేతులూపుతా ఏదో అన్నాడు. ఈ కాలంలో జాబులు రాసుకునేది మీరిద్దరే అని ఉంటాడు. ఫోనులో మాట్లాడితే నాకు వినబడదు, ఇంక జాబు కాక ఏం రాయాలి?

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాపలా నేనే మానుకున్నానని నీకు చెప్పినాను. అది నిజం కాదు. వెనక్కి వస్తున్న లారీ హారన్ నాకు వినబడలేదు. డ్రైవరు దిగి నా చొక్కా పట్టుకున్నాడు. మేనేజరు మర్యాదగానే పంపించేసినాడు. తర్వాత నాలుగు చోట్ల అడిగినాను. చెవిటివాణ్ణి కాపలాకు పెట్టుకునేది ఎవరు? గుణశేఖర్ గారు పెట్టుకున్నాడు, ఎందుకంటే ఆ తోటకు ఇంకెవరూ రామన్నారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇది కూడా పోతే నీ హాస్టలు గుమ్మంలో కూర్చోవాలి. నాకు అది ఇష్టం లేదు.

భయపడొద్దు. పక్క తోటకు మునస్వామి అని ఒకాయన కాపలా, నాకంటే ఐదారేళ్ళు పెద్ద. భార్య తిరుమలమ్మతో అక్కడే గుడిసెలో ఉంటాడు. ఆయనకు చీమ నడిచినా వినబడుతుంది, అక్షరం మాత్రం ముక్క రాదు. నాకు అక్షరం ఉంది, చెవి లేదు. నా ఎడమచెవికి నోరానించి అరిస్తే కొంచెం అందుతుంది కదా, అట్లా అరిచి చెప్పినాడు, "మనిద్దురం కలిస్తే ఒక మనిషప్పా" అని. మేము కలిసి కల్లు తాగము గాని, కలిసి తోట కాస్తాము.

ఇటుకే కొను. నా షెడ్డులో కరెంటు లేదు. కొందరు మోటారు స్తంభానికి తీగ తగిలించి చార్జింగు పెట్టుకుంటారు, ఆ పని నేను చేయను. చార్జింగుకు ఊళ్ళోకి రెండు మైళ్ళు నడవాలి. రోజూ నడిచేదానికి నేనేమైనా పాదయాత్ర చేస్తున్నానా?

నీ నాయన,
జయరావు

*

రేణిగుంట,
ఏప్రిల్ 25.

నాయనకు జెస్సీ వందనాలు.

ఈస్టరుకు వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి నీ తోటే కళ్ళలో ఉంది. కొండ అంత దగ్గరగా ఉంటుందని అనుకోలేదు. చివరి వరస మామిడిచెట్లు, వాటి వెనక ముళ్ళకంప, ఆ వెనక అడవే. పోయినేడు ఏనుగులు తొక్కిన ఆ కంప ఇంకా అట్లాగే పడి ఉంది, దాన్ని మళ్ళీ నిలబెట్టినవాళ్ళు లేరు.

ఫోను గురించి నేను చెప్పినవి మరిచిపోతావని రాస్తున్నాను. వేలిముద్ర లాక్ నీకు పని చేయలేదు కదా, డ్రిల్లు పట్టిన వేళ్ళకు గీతలు అరిగిపోయాయి. అందుకే నంబరు లాక్ పెట్టాను. కోతలకు ఎవరెవరో వచ్చిపోతుంటారు, ఆ నంబరు నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియనీయకు. బ్యాటరీ సేవర్ మాత్రం ముట్టుకోకు. ఈ ధరలో వచ్చే ఫోన్లు చార్జింగు మిగిలించాలని మెసేజీలను ఆపేసి నిద్రపోతాయి. నీకు నిద్రపోయే ఫోను వద్దు. ఫోనును చొక్కా జేబులోనే పెట్టుకో, ఒంటికి ఆనేట్టు.

సౌండు నిండుగా పెట్టాను. నీకోసం కాదు, మునస్వామి పెదనాయన కోసం. నేను బయల్దేరే ముందు ఆయన దగ్గర మాట తీసుకున్నాను. ఫోను మోగితే ఎక్కడున్నా వచ్చి నీ భుజం తట్టాలి, నువ్వు చదివి చెప్పాలి, ఇద్దరూ కలిసి తప్పుకోవాలి. ఆయన నవ్వి, "మీ నాయన ఫోను నా చెవుల్లో ఉంటాది పాపా, నువ్వు దిగులు పడకుండా పో" అన్నాడు. తిరుమలమ్మ పెద్దమ్మ నాకు బస్సులో తినమని వేరుశెనగలు కట్టి ఇచ్చింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

రోజూ మెసేజీ పెడతాను. టైపు చేయొద్దు. బొటనవేలు బొమ్మ ఉంటుంది, అది నొక్కు. నువ్వు ఉన్నావని నాకు తెలుస్తుంది.

జెస్సీ

*

కొండకింద తోట,
మే 9.

జెస్సీకి నాయన దీవెనలు.

నీ ఇటుక బాగానే పని చేస్తున్నాది. ఆదివారం చార్జింగు పెడితే బుధవారం దాకా ఉన్నాది. స్క్రీనే నన్ను గుర్తుపట్టడం లేదు. కుడిచేతి వేళ్ళు ఏవీ దానికి ఆనవు, ఎడమచేతి ఉంగరం వేలికి మాత్రం లొంగుతుంది. ఒక బొటనవేలు బొమ్మ పంపేదానికి ఉంగరం వేలితో పదిసార్లు పొడవాల.

వైబ్రేషన్ సంగతి అడిగినావు. కూర్చుని ఉంటే తెలుస్తుంది. నడుస్తున్నా, బుట్ట మోస్తున్నా తెలియదు. ఇరవై రెండేళ్ళు ఒళ్ళంతా డ్రిల్లు వణికించినాక, ఈ చిన్న వణుకు యాడ తెలుస్తుంది పాపా.

ఫారెస్టు వాళ్ళ మెసేజీ ఒకసారి వచ్చింది. ఐదు ఏనుగులు అవతలి కొండకు పోతున్నాయని. మునస్వామి తువ్వాలు ఊపుకుంటా పరిగెత్తి వచ్చినాడు. నేను చదివి చెప్పినాను, ఇద్దరం షెడ్డు మీదెక్కి కూర్చున్నాము, ఏమీ రాలేదు. కాని నీ మెసేజీలతోనే ఆయనకు కష్టం. నువ్వు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం రెండు పెడతావు. అది మోగితే ఎవరిదో ఆయనకు తెలియదు. ప్రతిసారీ వస్తాడు. నిన్న నా చెవిలో అరిచినాడు, "ఏమప్పా జయరావూ, నీ కూతురు తిన్నావా అని అడిగేదానికి నేను రెండు గెనిమ గట్లు దాటుకోని రావాల్నా? ఈసారి తిన్నాడని నువ్వే ముందు రాసి పెట్టు." అరిచినాడు గాని, సాయంత్రం మోగితే మళ్ళీ వచ్చినాడు.

ఆ మోత కొండ దాకా పోతుందంట. అది మోగితే అడవిలో నెమళ్ళు తిరిగి పలుకుతున్నాయని తిరుమలమ్మ సైగ చేసి చెప్పింది. నాకు అది ఎట్లా ఉంటుందో తెలియదు. నేను మోసుకుని తిరిగే మోత నేనొక్కడినే వినను చూడు.

నీ నాయన

*

రేణిగుంట,
మే 17.

నాయనకు జెస్సీ వందనాలు.

నీ జాబు చదివి హాస్టలంతా నవ్వింది. తర్వాత పడుకున్నాక నాకు నవ్వు రాలేదు. పాపం పెదనాయనను అన్నిసార్లు పరిగెత్తించానా? పొద్దున, మధ్యాహ్నం పెట్టేవి మానేస్తాను.

నిజానికి గ్రూపుకు ఒక మోత, నాకు ఒక మోత వేరే పెట్టుకోవచ్చు. ఆ సంగతి ఈస్టరుకే నాకు తట్టి ఉండాలి, తట్టలేదు. ఎట్లా మార్చాలో వెనక కాగితంలో బొమ్మలు వేసి పంపుతున్నాను. ఉంగరం వేలితో ప్రయత్నించు. కుదరకపోతే ఊరుకో, వచ్చినప్పుడు నేనే మారుస్తాను. తెలియక ఇంకేదైనా నొక్కితే అసలుకే మోసం వస్తుంది.

నా పక్క మంచం అమ్మాయి పవిత్రది ఏర్పేడు దగ్గర. గుంపు నుంచి విడిపోయిన ఒంటి ఏనుగు ఒకటి మన వైపు కొండల్లో తిరుగుతోందని వాళ్ళ మామ చెప్పాడట. అది నిజమా? నిజమైతే దాచకు.

ఒక నియమం పెట్టుకుందాం. మా కంపెనీలో లోపలికి వెళ్ళేటప్పుడు ఫోన్లు పెట్టెలో పెట్టించుకుంటారు, సాయంత్రం ఆరింటికి చేతికిస్తారు. ఆరింటికి నేనొక మెసేజీ పెడతాను. నువ్వు బొటనవేలు పంపించు. అది వచ్చేదాకా పెడుతూనే ఉంటాను. కోప్పడకు. ఆ ఒక్క గుర్తు చూస్తే గాని నాకు అన్నం సయించదు.

జెస్సీ

*

కొండకింద తోట,
జూన్ 4.

జెస్సీకి నాయన దీవెనలు.

నిజమే. దాచలేదు, మొన్నటిదాకా నాకూ తెలియదు. మొన్న తెల్లవారేసరికి పై వరసలో పనసచెట్టు కొమ్మ చీలి కింద పడి ఉంది. కాయలన్నీ తిన్నది. అడుగు చూసినాను. నా రెండు పాదాలూ పక్కపక్కన పెట్టినా దాని అంచు అందలేదు. అది వచ్చి, తిని, పోయింది. నేను షెడ్డులో పడుకునే ఉన్నాను. నాకు ఏమీ తెలియలేదు. ఆ సంగతి తలుచుకుంటే భయమేస్తుంది పాపా, నీ దగ్గర దాచేదేముంది.

ఫారెస్టు ట్రాకరు యోగానంద వచ్చి చూసినాడు. దాన్ని ఒంటోడు అంటారంట. ఆయన చెప్పింది మునస్వామి నా చెవిలో అరిచినాడు. "ఒంటోడు టపాకాయలకు బెదరడు. మోత యాడుంటే ఆడికే వస్తాడు. మోత ఉండే సోట మనుషులుంటారు, తిండి ఉంటాదని వానికి తెలిసిపోయినాది. ఆ ఫోను మోత ఆపేయమను."

ఆపుదామంటే మునస్వామి ఒప్పుకోలేదు. "ఆపితే నీకు తెలిసేదెట్లప్పా? నీ జేబులో అది వణికేది నీకే తెలీదు. మోగనీ. మోగితే నేనొస్తా." ఆయన మాటా నిజమే, యోగానంద మాటా నిజమే. మోగితే ఒంటోడికి తెలుస్తుంది. మోగకపోతే నాకు తెలియదు.

నువ్వు పంపిన బొమ్మలు చూసి మోత మార్చబోయినాను. ఉంగరం వేలు కూడా మొండికేసింది. వదిలేసినాను.

ఫోన్ల సంగతి తెలిసినదానివి నువ్వు. మోత ఉంచమంటావా, తీసేయమంటావా? నువ్వు ఎట్లా చెప్తే అట్లా చేస్తాము. మునస్వామి కూడా పాప చెప్పినట్టే చేద్దాం అన్నాడు.

నీ నాయన

*

రేణిగుంట,
జూన్ 10.

నాయనకు జెస్సీ వందనాలు.

మూడు రోజులు ఆలోచించాను. పని మీద ధ్యాస లేక సూపర్‌వైజరు చేత తిట్లు తిన్నాను.

నీకు ఒక సంగతి చెప్పలేదు. ఆ ఫోను వైబ్రేషన్ పరవాలేదని మార్చిలో రాశాను. అది నిజం కాదు. అటువంటి చిన్న మోటార్లు మా టేబుల్ మీదికి రోజూ వస్తాయి, పదింటిలో రెండు వణకవు, వణికేవి కూడా ఆరు నెలల్లో నీరసపడతాయి. తెలిసే కొన్నాను. చార్జింగు అయిపోయి ఫోనే ఆరిపోవడం కంటే అది నయమనుకున్నాను. ఆ లోటును సౌండుతో పూడ్చొచ్చు, సౌండును పెదనాయన చెవులతో పూడ్చొచ్చు అని లెక్క వేసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇప్పుడు ఆ మోత తీసేస్తే నీ దగ్గర మిగిలేది వణకని ఇటుక. కాబట్టి తీయొద్దు. మోగనీ. ఒంటోడు మోతకు వస్తాడో రాడో, అది యోగానంద అనుకునే మాట. మోగకపోతే నీకు తెలియదు, అది మాత్రం ఖాయం. ఖాయమైనదాన్ని బట్టే నేను చెప్పగలను. పెదనాయనకు నా మాటగా చెప్పు, కొంచెం ఓపిక పట్టమను.

ఎక్కువ రోజులు కాదు. ఇక్కడ రైల్వే స్టేషను వెనక ఒక గది చూశాను. మా క్యాంటీనులో కూరగాయలు తరిగే పని ఉంది, దానికి చెవులు అక్కర్లేదు. జూలై ఒకటికి నువ్వు వచ్చేయాలి. హాస్టలు గుమ్మంలో కూర్చోవు, మన గదిలో మనం ఉంటాం. ఈ ఇరవై రోజులు జాగ్రత్తగా ఉండు నాయనా. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

జెస్సీ

*

కొండకింద తోట,
జూన్ 21.

జెస్సీకి.

నేను క్షేమం. ఫోను ఆగిపోయింది. నీళ్ళలో పడింది. ఇంక దానికి మెసేజీలు పెట్టొద్దు, పెట్టినా రావు. సాయంత్రాలు నాకోసం ఎదురు చూడొద్దు.

కోత సగం అయింది. మునస్వామి ఇప్పుడు పక్క తోటలో లేడు. నాకు తోడుగా గుణశేఖర్ గారు ఇంకో మనిషిని పంపుతానన్నాడు.

గది గురించి తొందర పడొద్దు. ఒకటో తేదీకి నేను రాలేను. ఎందుకని అడగొద్దు. అన్నం వేళకు తిను.

నాయన

*

రేణిగుంట,
జూన్ 24.

నాయనకు జెస్సీ వందనాలు.

నీ జాబు నాలుగుసార్లు చదివాను. దీవెనలు లేని జాబు నువ్వు ఎప్పుడూ రాయలేదు.

ఫోను ఆగిపోలేదు. నిన్న కూడా నేను పెట్టిన మెసేజీకి రెండు టిక్కులు పడ్డాయి. ఆగిపోయిన ఫోనుకు రెండు టిక్కులు పడవు, ఆ మాత్రం తెలియని దాన్ని కాదు. అది ఎక్కడో చార్జింగుతో ఉంది, మోగుతూ ఉంది. ఎవరి దగ్గర ఉంది?

పోయిన గురువారం నువ్వు నన్ను చంపేశావు. ఆరింటికి మెసేజీ పెడితే బొటనవేలు రాలేదు. మళ్ళీ పెట్టాను. పదకొండు పెట్టాను. నాయనా ఉన్నావా, నాయనా పలుకు, అదే రాశాను మళ్ళీ మళ్ళీ. ఆరూ యాభైకి బొటనవేలు వచ్చింది. బస్సులో అందరి ముందూ ఏడ్చాను.

మరుసటి రోజు పవిత్ర తన ఫోనులో వార్త చూపించింది. పూతలపట్టు దగ్గర మామిడితోటలో ఏనుగు తొక్కి ఒకరు చనిపోయారని, అంతే రాశారు, పేరు లేదు. నాకు ముందు రోజే నీ బొటనవేలు వచ్చింది కాబట్టి అది నువ్వు కాదని తెలుసు. మోకరించి స్తోత్రం చెప్పుకున్నాను. ఎవరో పోయారు, మా నాయన కాదు, ప్రభువా నీకు స్తోత్రం అని. నిజంగా ఆ మాటలే అన్నాను.

ఇప్పుడు నీ జాబు వచ్చింది. మునస్వామి పెదనాయన పక్క తోటలో ఎందుకు లేడు? గుణశేఖర్ గారికి ఫోను చేస్తే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. రెండుసార్లు నంబరు తీసి, నొక్కలేక పెట్టేశాను. నువ్వే రాయి. ఏదైనా సరే, నువ్వే రాయి.

జెస్సీ

*

కొండకింద తోట,
జూన్ 28.

జెస్సీకి నాయన దీవెనలు.

అబద్ధం రాసినాను. నీకు తెలిసిపోతుందని తెలిసే రాసినాను, రెండు రోజులైనా నువ్వు హాయిగా ఉంటావని.

గురువారం కోత కూలీలు ఐదున్నరకు పోయినారు. నేను చొక్కా విప్పి షెడ్డు ముందు కొయ్యకు తగిలించి, వెనక తొట్టి దగ్గర స్నానానికి పోయినాను. ఫోను చొక్కా జేబులోనే ఉంది. రోజంతా ఎండలో కాయలు మోసినాను, నీళ్ళు చల్లగా ఉన్నాయి. చాలాసేపు పోసుకున్నాను. నువ్వు ఆరింటికి మొదలుపెట్టినావు.

ఒంటోడు పై వరసలోనే ఉన్నాడని తర్వాత యోగానంద అడుగులు చూసి చెప్పినాడు. పొద్దు వాలినా అక్కడే నిలబడి ఉన్నాడంట. మోత మొదలయ్యాక నేరుగా షెడ్డు ముందుకు దిగినాడు. మునస్వామికీ మోత వినబడింది. అన్నానికి కూర్చున్నాడంట. తిరుమలమ్మ "ఆ పాపదే అయ్యుంటాది, తిని పో" అంటే, "కాదుమే, ఎప్పుడూ ఇట్ల మోగలేదు, ఇడవకుండా మోగతా ఉండాది, ఏదో అయినట్టుండాది" అని చేయి కడుక్కుని లేచినాడంట.

నేను తల తుడుచుకుంటా ముందుకు వచ్చేసరికి అంతా అయిపోయింది. చెట్ల నడుమ దాని వీపు పోతా కనబడింది. ఆయన కొయ్య కింద పడి ఉన్నాడు. నా చొక్కా ఆయన చేతిలో ఉంది. నా దగ్గరికి తెచ్చేదానికి తీసుకున్నట్టున్నాడు. ఆయన పడిన చోటికి నేను స్నానం చేసిన చోటు ఇరవై అడుగులు కూడా ఉండదు పాపా, మధ్యలో ఒక్క గోడ. ఆయన నన్ను పిలిచే ఉంటాడు. ఎన్నిసార్లు పిలిచినాడో నాకు తెలియదు.

చొక్కాలో వెలుగు కనబడింది. తీసి చూసినాను, అన్నీ నీ మెసేజీలే. తడి వేలితో బొటనవేలు నొక్కినాను. చాలాసార్లు నొక్కితే గాని పడలేదు. అది పడితే నువ్వు ఆపుతావని, అంతకంటే ఏమీ తోచలేదు. తర్వాత గ్రూపు తెరిచి చూసినాను. ఆ రోజు గ్రూపులో పొద్దున్నుంచి ఒక్క మెసేజీ లేదు. కిందికీ పైకీ చూసినాను. లేదు.

నీ తప్పు లేదని రాయబోయి మూడు కాగితాలు చింపినాను. నువ్వు మోగనీ అన్నావు, నేను సరే అన్నాను, ఆయన మోగితే వస్తానన్నాడు. నా తప్పు లేదని రాయలేని వాణ్ణి, నీది లేదని ఏ మొహంతో రాయాలి?

తిరుమలమ్మ ఆ ఫోను చూపించి అడిగింది, ఏమొచ్చింది దీంట్లో, ఏం చెప్పేదానికి పరిగెత్తినాడు అని. ఒంటోడు వస్తున్నాడని ఫారెస్టు వాళ్ళ మెసేజీ అని చెప్పినాను. ఆమె ఫోను తీసుకుని గుండెకు ఆనించుకుంది. ఇప్పుడు దాన్ని ఆయన పటం దగ్గర పెట్టింది. ఊళ్ళోకి పంపించి చార్జింగు పెట్టిస్తుంది. వచ్చిన వాళ్ళందరికీ చూపించి, ఏనుగొస్తా ఉండాదని చెప్పేదానికి పోయి పానం ఇడిసినాడు అంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం కొంచెం తేటపడుతుంది. నా చెవి దగ్గరకొచ్చి, ఆ మెసేజీ చదివి వినిపించమని రోజూ అరుస్తుంది. లాక్ నంబరు మరిచిపోయినానని చెప్పినాను. మీ పాపకు తెలుసు కదా అనింది. తెలుసు అన్నాను.

శుక్రవారం పదహారో దినం. నువ్వు రాకుండా ఉండేదానికి లేదు. ఆమె అప్పుడే రెండుసార్లు అడిగింది, పాప వస్తుందా అని. ఫోను నీ చేతిలో పెట్టి, నలుగురి ముందూ గట్టిగా చదవమంటుంది. నాకు ఎట్లాగూ వినబడదు. ఏం చదవాలో నేను చెప్పలేను. బస్సులో ఆలోచించుకుని రా.

నీ నాయన,
జయరావు